ఫలితమునకు సాక్షి యెవ్వరు?



ఎవరి స్మృత్యర్థము మనమిందు సమావేశమైతిమో ఆ మహాశయుని నామధేయమును వేదికపై పలుమారు లుచ్చరింపవలదని ఆయన సంతానము కోరినారు; ఆహ్వానపత్రికపై నున్నది చాలునని వారి యభిప్రాయము. సర్వేయింగును, డ్రాయింగును బోధించుటలో ఆయన జీవితము గడచినది గనుక, ఇంజనీరింగు విద్యను గూర్చి మాటలాడుటయే తగిన శ్రద్ధాంజలి యని తలంచి నేటి విషయమును నేనే యెన్నుకొంటిని. పదియేండ్లకు పైగా మన కళాశాలల సమావేశములలో, ఫైళ్లలో, స్టాఫు గదుల సంభాషణలలో దినదినము వినవచ్చుచున్న 'అవుట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్' అనుదానిని ఉపాధ్యాయులు పొడియక్షరములలో ఓబీఈ యందురు. నేను ఫలితాధారిత విద్య యని పిలిచెదను. దాని తత్త్వమును పొగడుటకు గాని, దాని పట్టికలను పరిహసించుటకు గాని నేను రాలేదు. ఫలితము కలిగినదని చెప్పువా రెవ్వరు, ఆ మాటకు సాక్షి యెవ్వరు అను నొక్క ప్రశ్నను మాత్రము మీ ముందుంచెదను.

సిద్ధాంతములో విరోధింపదగినది నాకేమియు కనబడదు. గురువేమి చెప్పెనను దానికంటె శిష్యుడేమి చేయగలడను దానినే మొదట విచారింపవలయుననియు, పాఠ్యప్రణాళికను ఆ కొననుండి వెనుకకు అల్లుకొని రావలయుననియు దాని సారాంశము. 1949లో రాల్ఫ్ టైలరు పాఠ్యప్రణాళికకు లక్ష్యనిర్దేశము ప్రథమాంగమని చెప్పినాడు. 1956లో బెంజమిన్ బ్లూము, ఆయన సహచరులు జ్ఞాపకముంచుకొనుట మొదలు తూచి నిర్ణయించుట వరకు బుద్ధివ్యాపారములను ఆరు మెట్లుగా విభజించినారు. గత శతాబ్దపు చివరి భాగమున విలియం స్పేడీ ఈ పేరుతోనే సిద్ధాంతమును ప్రచారము చేసినాడు. ఇవన్నియు మన గురుకులములలో ఏనాడో యున్నవని చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట వేదికలపై నొక యాచారమైనది గాని, నేనట్లు చెప్పను. క్రొత్తదేయైనను మంచిదే.

అది రాకపూర్వ మేమి యుండెనో మరచినవారికి గుర్తుచేయుట యుక్తము. సిలబసు పుస్తకములో ఎనిమిది యూనిట్లో ఐదు యూనిట్లో వరుసగా శీర్షికలు మాత్రముండెడివి. చదివినవానికి ఏమి రావలయునో ఎచ్చటను వ్రాసియుండెడిది కాదు. పరీక్షకు ముందు పదిదినములలో 'ఆల్ ఇన్ వన్' గైడు కొని, పాత ప్రశ్నపత్రములు తిరుగవేసి, ముఖ్యమైన ప్రశ్నలు పదునైదు గుర్తుపెట్టుకొన్నవాడు మొదటి తరగతిలో ఉత్తీర్ణుడయ్యెడివాడు. ఆ పాత కాలమునకు తిరిగి పోవుదమనువారితో నాకు పొత్తులేదు. నీవు బోధించు పాఠమువలన బాలుడేమి చేయగలడని ఉపాధ్యాయుని అడిగిన మొదటి కాగితము ఈ పద్ధతి తెచ్చిన కాగితమే. ఆ ప్రశ్నకు నిజాయితీగా సమాధానము వెదకిన ఉపాధ్యాయులను నేనెరుగుదును.

ఇది మన కళాశాలలకు వచ్చిన దారిని ఒక్కమారు చూడవలసియున్నది. ఏలయన దాని గుణదోషములలో సగము ఆ దారిలోనే సంక్రమించినవి. 1989లో అమెరికా, బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలండు, ఐర్లండు దేశముల ఇంజనీరింగు సంస్థలు ఒకరి పట్టములను వేరొకరు సమానముగా గుర్తించుటకై 'వాషింగ్టన్ అకార్డ్' అను ఒడంబడికను చేసికొన్నవి. పిదప అమెరికాలోని 'అబెట్' సంస్థ తన నిబంధనలను మార్చి, గదులెన్ని గ్రంథములెన్ని యను లెక్కకు ప్రాధాన్యము తగ్గించి, పట్టభద్రుని సామర్థ్యములను ముందుకు తెచ్చినది. మన దేశమున అఖిలభారత సాంకేతిక విద్యామండలి 1994లో ఏర్పరచిన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, అనగా మన కళాశాలలు భయభక్తులతో స్మరించు ఎన్‌బీఏ, 2007లో ఆ ఒడంబడికలో తాత్కాలిక స్థానము పొంది, 2010లో స్వతంత్రసంస్థయై, 2014 జూన్ 13న సంపూర్ణసభ్యత్వము పడసినది. అప్పటినుండి పండ్రెండు 'ప్రోగ్రాం అవుట్‌కమ్'లు మన కళాశాలల గోడలపై చట్రములు కట్టి వ్రేలాడినవి: శాస్త్రజ్ఞానము, సమస్యావిశ్లేషణము, రూపకల్పన మొదలుకొని నీతి, పరిసరములు, సహకారము, భాషణనైపుణ్యము, జీవితపర్యంత విద్యాభ్యాసము వరకు. ఇటీవల వానిని పదునొకటిగా సవరించినారు. గోడలపై చట్రములు మారవలసియున్నవి.

కృష్ణా డెల్టా గ్రామములనుండి పిల్లలను సముద్రములు దాటించుచున్న తల్లిదండ్రులు కళాశాల ప్రకటనలలో ఆ ఒడంబడిక పేరును చూచి సంతసింతురు. కాని ఆ అంతర్జాతీయపు గుర్తింపు స్వయంప్రతిపత్తి గల సంస్థలు మొదలైనవి చేరు 'టియర్ వన్' క్రింద గుర్తింపుపొందిన కోర్సులకే గాని, విశ్వవిద్యాలయమునకు అనుబంధముగానున్న సాధారణ కళాశాలల 'టియర్ టు' గుర్తింపునకు వర్తింపదని వారిలో నెందరికి తెలియును? ప్రకటనలో ఈ భేదమును పెద్దయక్షరములలో అచ్చువేసిన కళాశాలను నేనింకను చూడలేదు.

ఈ ప్రాంతమునకు ఇంజనీరింగు విద్యతోగల సంబంధము సామాన్యమైనది కాదు. కృష్ణపై 1855 నాటికి పూర్తియైన ఆనకట్ట ఈ నేలకు అన్నము పెట్టినది. అది 1952లో దెబ్బతిని గండిపడగా, దానికి ఎగువను ప్రకాశము బ్యారేజి 1957లో సిద్ధమైనది. అట్లు నీటిని కట్టి కాలువలలో నడపినవారి పనిమీద బ్రదుకుచున్న సీమలో, ఆ పనిని నేర్పు కళాశాల మాత్రము చాలకాలము లేదు. మన బాలురు మద్రాసులోని గిండీకో, 1946లో పుట్టిన కాకినాడ, అనంతపురము కళాశాలలకో పోవలసివచ్చెడిది. 1975లో విజయవాడ పౌరులు కొందరు కూడి సిద్ధార్థ అకాడమీని స్థాపించి, 1977లో మనమున్న పటమటకు కూతవేటు దూరమున కానూరులో, ఐ.సి.యస్. వదలి పరిశ్రమలు నెలకొల్పిన వెలగపూడి రామకృష్ణగారి పేర ఇంజనీరింగు కళాశాలను తెరచినారు. ఉమ్మడి రాష్ట్రమున తొలి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలగా అది ప్రసిద్ధము. వరిపంట డబ్బు విద్యాలయముగా మారుట అచ్చటనే ఆరంభమైనదని చెప్పవచ్చును. తరువాతి దశాబ్దములలో అట్టి కళాశాలలు ఎట్లు వందలకు పెరిగినవో మీకు తెలియనిది కాదు. ఆ కథను నేడు విప్పను.

ఇక యంత్రము లోపలికి పోవుదము.

అనుబంధ కళాశాలలో నొక ఉపాధ్యాయిని ద్రవగతిశాస్త్రమును బోధించుచున్నదనుకొనుడు. సిలబసును చేసినది ఆమె కాదు, విశ్వవిద్యాలయము. నూటికి 70 మార్కుల ప్రశ్నపత్రమును కూర్చునది ఆమె కాదు. ఆ సమాధానపత్రములను దిద్దునది, ఒకవేళ ఆమెయే యైనను, తన విద్యార్థులవి కావు. ఆమె చేతిలోనున్నవి 30 మార్కుల లోపలి పరీక్షలు మాత్రమే. ఇట్టి స్థితిలో ఆమెను, నీ పాఠమునకు 'కోర్సు అవుట్‌కమ్'లు వ్రాయుమందురు. సిలబసులో యూనిట్లు ఐదు. కనుక ఫలితములును ఐదే. మొదటి యూనిటు చదివినచో మొదటి ఫలితము, రెండవది చదివినచో రెండవది. శాస్త్రము ఐదు ముక్కలుగా తెగి, ముక్కకొక సామర్థ్యము పుట్టుట ఎట్టి యద్భుతమో ఆలోచింపుడు. ఐదింటిని కూడ జేర్చి చేయవలసిన పని, అనగా ఇంజనీరు నిజముగా చేయు పని, ఏ ఫలితమునకును చెందక బయటనే నిలిచిపోయినది.

తరువాత 'కో–పో మ్యాపింగు', అనగా కోర్సు ఫలితములను ప్రోగ్రాం ఫలితములతో ముడిపెట్టుట. నిలువున ఐదు, అడ్డమున పండ్రెండు, సవరణ పిదప పదునొకండు, గడులు. ప్రతి గడిలో 1, 2, 3 అను అంకెలలో నొకటి గాని, చిన్నగీత గాని వేయవలెను. ద్రవపీడనమును గణించుట అను ఫలితమునకు శాస్త్రజ్ఞానముతో సంబంధము 3, సమస్యావిశ్లేషణముతో 2, నీతితో గీత. ఈ యంకె లెచ్చటనుండి వచ్చినవి? ఉపాధ్యాయిని మనస్సునుండి. నే నామెను నిందింపను. వేరే తావు లేదు. ఆపైన విద్యార్థుల మార్కులను తెచ్చి, లక్ష్యమును దాటినవారెందరో లెక్కింతురు. విశ్వవిద్యాలయపు సగటుకంటె హెచ్చు మార్కులు తెచ్చుకొన్నవారు 60 శాతమున్నచో మొదటి స్థాయి, 70 ఉన్నచో రెండవది, 80 ఉన్నచో మూడవది యని ఎన్‌బీఏవా రొక యుదాహరణ చూపినారు. అది యుదాహరణమే, కళాశాల తన లక్ష్యమును తానే నిర్ణయించుకొనవచ్చునని స్పష్టముగా చెప్పినారు. అయినను మన కళాశాలలలో పెక్కింట అది ధర్మశాస్త్రమై కూర్చున్నది. సగటు అనునది అందరితోపాటు లేచును, అందరితోపాటు దిగును. రాష్ట్రమంతట ఆ సంవత్సరము ద్రవగతిశాస్త్ర మెవరికిని పట్టువడకపోయినను, మనవారు తక్కినవారికంటె కొంచెము తక్కువగా చెడినచో మనకు ఫలితము సిద్ధించినట్లే.

ఇందులో మరియొక చిక్కు కలదు, బయటివా రెరుగనిది. పెద్ద పరీక్షలో ప్రశ్నవారీ మార్కులు సాధారణముగా కళాశాలకు రావు, మొత్తమే వచ్చును. ఏ విద్యార్థి యే యూనిటులో తప్పెనో తెలియదు. అందుచేత ఆ మొత్తమునుండి వచ్చిన ఒక్క స్థాయినే ఐదు ఫలితములకును సమానముగా పంచుదురు. ఐదింటిని విడివిడిగా కొలుచుటకు పుట్టిన విధానము, నూటికి 70 పాళ్లు, ఐదింటిని ఒకటిగానే కొలుచుచున్నది. ఈ మార్కుల లెక్కకు 80 పాళ్ల ప్రాముఖ్యమిచ్చి, మిగిలిన 20 పాళ్లకు విద్యార్థి చేతనే సర్వే పూరింపజేయుదురు: ఈ కోర్సువలన నీవు ద్రవపీడనమును గణింప సమర్థుడ వైతివా? హాల్‌టికెట్టు కొరకు వరుసలో నిలిచిన బాలుడు 'పూర్తిగా' అను గడిలో టిక్కు పెట్టి పోవును. అన్నియు గుణించి, కూడి, భాగించి చూచినచో 1.87 అనియో 2.14 అనియో రెండు దశాంశ స్థానములతో ఫలితము తేలును. కళ్లమునందు ధాన్యపురాశిని కంటితో చూచి ఇన్ని బస్తాలని చెప్పి, ఆ మాటనే కంసాలి త్రాసుతో తూచినట్లు వ్రాసికొనుట యిది.

ప్రశ్నపత్రములలో ప్రతి ప్రశ్న ప్రక్కన బ్లూము మెట్టు సంఖ్యను అచ్చువేయుటయు వచ్చినది. నిన్నటివరకు 'వివరింపుము' అని యున్న ప్రశ్న నేడు 'విశ్లేషింపుము' అని మారి నాల్గవ మెట్టెక్కినది. సమాధానము మాత్రము ఆల్ ఇన్ వన్‌లోని ఆ పుటయే.

దీనికి ఉపాధ్యాయులే కారణమని తీర్పు చెప్పువారున్నారు. కళాశాలలలో పనిచేయువారి దినచర్య నెరిగినవారెవ్వరు నట్లనజాలరు. తనిఖీబృందము మూడు దినములుండును. దానికి ముందు నెలలకొలది కోర్సు ఫైళ్లు, పాత సంవత్సరముల హాజరుపట్టికలు, సమావేశముల మినిట్లు, 'చర్య తీసికొంటిమి' అను నివేదికలు సిద్ధమగుచుండును. వేయి మార్కుల స్వయంపరిశీలన నివేదికలో ఈ ఫలితముల పట్టికకు టియర్ టు కళాశాలకు 120 మార్కులు; ఫలితము మూడేండ్ల గుర్తింపో, ఆరేండ్ల గుర్తింపో, శూన్యమో. అంత విలువ గల కాగితమును, దానివలన లాభనష్టములు పొందువారి చేతనే వ్రాయించినప్పుడు అది యెట్లుండునో అట్లేయున్నది. తన పంటను తానే తూచుకొని తానే రసీదు వ్రాసికొను రైతును ఏ మిల్లువాడు నమ్మును? లోపము మనుష్యులలో లేదు. సాక్షి లేకపోవుటలో నున్నది.

సాక్షి యనగా నేమో చెప్పుటకు మన నదిమీదను, దాని ఉపనదిమీదను మూడుచోట్ల గేట్లను చూపెదను.

2021 ఆగస్టు 5న, డాక్టర్ కె.ఎల్. రావుగారి పేరు పెట్టుకొన్న పులిచింతల జలాశయమున 16వ గేటు కొట్టుకొనిపోయినది. 2024 ఆగస్టు 10 రాత్రి కృష్ణకు ఉపనదియైన తుంగభద్రపై 19వ గేటు గొలుసు తెగి, గేటు ప్రవాహమున కలసినది. అదియైన మూడువారములకు, సెప్టెంబరు 1న, 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రకాశము బ్యారేజిమీద విరుచుకపడగా, ఎగువను కట్లుతెగిన బరువైన పడవలు కొట్టుకొనివచ్చి 67, 69 గేట్ల వద్ద తగిలి, గేటును తేల్చు ప్రతిభారపు దిమ్మెలను విరుగగొట్టినవి. పటమటలంక వాసులలో ఆ రాత్రి నిద్రపోయినవారు లేరు.

తుంగభద్రలో వచ్చిన సమస్యను విద్యార్థులు మనస్సులో నిలుపవలెనని నా కోరిక. నిండిన జలాశయము, 60 అడుగుల వెడల్పుగల ఖాళీనుండి నీరు దూకుచున్నది. నీటినంతయు వదలివేసి, మట్టము దిగిన పిమ్మట క్రొత్త గేటు పెట్టుట సులభము. కాని పెక్కు జిల్లాల ఆయకట్టు ఆ సంవత్సర మేమి కావలయును? గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు, విశ్రాంత వయస్సులో నున్నవారు, ప్రవాహము సాగుచుండగనే ఇనుప పలకలను ఒకదానిపై నొకటిగా దింపి ఖాళీని మూయవచ్చునని నిర్ణయించి, సమీపపు కర్మాగారములలో పలకలు చేయించి, వారము తిరుగకముందే ఆ పని నెరవేర్చినారు. తరువాత బ్యారేజి దిమ్మెలను మార్చుటకును వారినే పిలిపించినారు.

ఇందులో రెండవ సంవత్సరపు పాఠమెంత, దానికవతలిదెంత? 60 అడుగుల పొడవు, 4 అడుగుల యెత్తుగల పలక నిలుచున్నదనుకొనుడు; దాని మధ్యబిందువునకు పైన 10 అడుగుల నీరున్నది. ఘనపుటడుగు నీరు 62.4 పౌనులు, పలక వైశాల్యము 240 చదరపుటడుగులు, గుణించిన సుమారు 1,50,000 పౌనులు, అనగా 68 టన్నుల ఒత్తిడి. ఈ లెక్కను మన విద్యార్థి మార్కు తగ్గకుండ చేయును. 'స్పిల్‌వే గేట్లలో భేదములను పటములతో వివరింపుము' అన్నచో రేడియల్ గేటును అచ్చుగ్రుద్దినట్లు గీయును. సమస్యావిశ్లేషణమునకు 3 పడును. కాని ఆ లెక్క నిలకడ నీటిది. దూకునీటిలోనికి దిగునప్పుడు పలక ఏ క్షణమున కంపించును, గాడిలో నెచ్చట బిగిసికొనును, క్రేను చేయి ఎంతదూరము చాచవచ్చును, పలక నడుమ బద్దల నెన్ని వేయవలెను, తప్పిపోయినచో దిగువ గ్రామముల గతి యేమి అని తలపోయుచు ఎండలో నిలుచుండువాని పని వేరు. ఫలితములన్నియు ఆ యొక్క గాడిలో కలిసి కూర్చున్నవి. నీరు ఆగినదా లేదా యను దానికి వేరొకరి సర్వే అక్కరలేదు.

కె.ఎల్. రావుగారిని తలంచుకొన్నను నాకిట్లే తోచును. 1902లో మన కంకిపాడున జన్మించి, రంగూనులో ఆచార్యత్వము చేసి, 1939లో బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయపు డాక్టరేటు గైకొని, కాంక్రీటు నిర్మాణముపై పాఠ్యగ్రంథము వ్రాసి, ఆనకట్టలకు రూపకల్పనచేసి, విజయవాడకు పార్లమెంటు సభ్యుడై, కేంద్రములో నీటిపారుదల మంత్రియైన ఆయన జీవితములో బోధన, గణితము, లోకవ్యవహారము వేర్వేరు నిలువు వరుసలుగా లేవు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగరము రాతికట్టడమై యిప్పటికిని ఆయన లెక్కలకు సాక్ష్యము చెప్పుచున్నది.

ఇంతమాత్రమున, కళాశాల వ్యర్థమనియు, ఆటోనగరుననే విద్య యున్నదనియు నేననుచున్నట్లు మీరు గ్రహింపవలదు. పటమట ప్రక్కనే జవాహర్ ఆటోనగరున్నది. లారీలకు బాడీ కట్టుట, కమాను కట్టలు సరిచేయుట, క్రాంకుషాఫ్టు గ్రైండింగు, పంపు–నాజిల్ సర్వీసు, లేతు పని యను విద్యలన్నియు అచ్చట వీధికొకటిగా వెలసినవి. పంపు విప్పి బిగించిన మేస్త్రీకి తన పనికి ఫలితము సాయంకాలమునకు తెలియును. లారీ గన్నవరము దాటకముందే ఆగినచో యజమాని తిరిగివచ్చును. ఈ నిక్కచ్చితనము కళాశాలకు రావలెననియే నా వాదము. కాని మేస్త్రీకి తెలిసినది ఈ పంపు, ఈ రకపు ఇంజను. క్రొత్త రకము వచ్చినప్పుడు, ఇంధనపు పీడన మెందుకు పెరిగెనో, నాజిల్ రంధ్రము నెందుకు తగ్గించిరో గణించి చెప్పుటకు శాస్త్రము కావలెను. పని తెలిసిన చేతిని, కారణము తెలిసిన బుద్ధిని ఒక్క దేహములో కూర్చుటకే గదా ఇంజనీరింగు కళాశాల పుట్టినది! ఫలితాధారిత విద్య మొదట వాగ్దానము చేసినది ఆ కూర్పునే. రెండు మైళ్ల దూరముననున్న ఆటోనగరునకును, కళాశాల మెకానికల్ విభాగమునకును మధ్య రాకపోకలు పెండ్లిపత్రికలు పంచునంత తరచుగా గూడ లేకపోవుట చింతింపదగినది. ఆ విభాగములో ఇప్పుడు సీట్లు నిండుటయే గగనమగుచున్నది.

తల్లిదండ్రులకు ఫలితమనగా ప్యాకేజి. అదియును బయటి సాక్ష్యమే గదా, కంపెనీవాడు ఊరక డబ్బిచ్చునా యని నన్నడుగవచ్చును. ఒప్పుకొందును, కాని ఆ కంపెనీ పరీక్షించునది చాలవరకు ఆప్టిట్యూడు ప్రశ్నలను, కొంత కోడింగును, ఇంగ్లీషు మాటను. ద్రవగతిశాస్త్రమును వాడడుగడు. ఇంటర్మీడియెటులో నాలుగు సమాధానములనుండి ఒకదానిని గుర్తించుటకు రెండేండ్లు హాస్టలు గోడలమధ్య అభ్యాసమైన పిల్లవాడు, నాలుగేండ్ల తరువాత మరల అదే విద్యతో బయటపడుచున్నాడు. నడుమ మనమేమి చేసితిమని ఆ ప్యాకేజి చెప్పదు.

ఇప్పుడున్న బయటి సాక్షి ప్రయోగపరీక్షల ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు. ఆయన ఇరుగు కళాశాలనుండి వచ్చును. మరునాడు మన ఉపాధ్యాయుడు అచ్చటికి పోవును. ఎవరి పిల్లలనైనను ఎవరు తప్పింతురు? విద్యార్థి నాలుగు నెలలుగా చేసిన ప్రయోగమునే మరల చేయును; రికార్డులో అంకెలు ముందే యుండును. ప్రభుత్వము మంచిబుద్ధితో సామాజిక సేవా ప్రాజెక్టును, దీర్ఘకాలపు ఇంటర్న్‌షిప్పును నిర్బంధము చేసినది. అవి నిజముగా గ్రామములలో, కర్మాగారములలో జరిగినచోట్ల పిల్లల కన్నులు తెరచుకొన్నమాట వాస్తవము. అయితే నివేదికలు జిరాక్సు దుకాణపు కంప్యూటరులోనే పుట్టినచోట్లును కలవు. ఇందులకు మరియొక నివేదికను, ఆ నివేదికపై నివేదికను కోరుట మందు కాదు.

నేను కోరునది చిన్నది. నాలుగేండ్లలో ఒక్క పరీక్ష కళాశాల ప్రహరీకి వెలుపల, కళాశాల చేయని వస్తువుమీద, కళాశాలకు సంబంధము లేని పనివారి యెదుట జరుగవలెను. దాని మార్కులలో సగము ఆ వెలుపలివారే యీయవలెను. మెకానికల్ పిల్లలు ఆటోనగరు పంపును విప్పి, దోషమును కనుగొని, కారణమును వ్రాతపూర్వకముగా చెప్పవలెను. కంప్యూటరు పిల్లలకు ఇతరులు వ్రాసిన పాత ప్రోగ్రామునిచ్చి, ఏ సహకారసంఘపు లెక్కలలోనో వచ్చుచున్న తప్పును వెదకింపవలెను. వీరి సంఖ్య తరగతికి వందలలో నున్నది గనుక ఇది కష్టమనియెదరు. కష్టమే. అయిదుగురికొక జట్టుగా చేసి, నీ వంతు ఏమని ఒక్కొక్కరిని అడిగినచో, సహకారమను ఫలితమునకు సంబంధించిన గడి కూడ తొలిసారి నిజముగా నిండును.

సివిలు పిల్లల పరీక్షకు నేను వెదకనక్కరలేదు. బందరు, రైవసు, ఏలూరు కాలువలు నగరము నడుమనుండియే పారుచున్నవి. ప్రతిజట్టును ఒక వంతెన చెంతకు పంపి, ఈ కాలువలో ఈ గంటను ఎన్ని క్యూసెక్కులు పారుచున్నవో చెప్పుడని యడుగవలెను. వెడల్పును ఖండములుగా విభజించి లోతులు తీయవలెను. లోతు తక్కువైనచోట ఉపరితలమునుండి లోతులో పదింట ఆరుపాళ్ల దిగువను కరెంటుమీటరు నుంచి వేగము చూడవలెను. లోతు హెచ్చైనచోట రెండుపాళ్లవద్దను, ఎనిమిదిపాళ్లవద్దను రెండుమార్లు చూచి సగటు తీయవలెను. మీటరు లేనివాడు తేలుబెండును వదలి, దాని వేగమును సుమారు 0.85తో గుణింపవచ్చును. పుస్తకములో నిది అరపుట. కాలువవద్ద గుర్రపుడెక్క మీటరు రెక్కలకు చుట్టుకొనును, గట్టు జారును, ప్లాస్టిక్కు సంచులు బెండునకు ముందు పరుగెత్తును, అంకె రెండుమార్లు ఒకటిగా రాదు. రెండవమారు వేరుగా వచ్చినప్పుడు విద్యార్థి ఏది వ్రాయునో, ఎందుకు వ్రాయునో చూచినవానికి ఆ విద్యార్థి నీతియు తెలియును. మన పట్టికలో దానియెదుట చిన్నగీత యున్నది. అదే గంటకు జలవనరుల శాఖవారి రెగ్యులేటరు వద్ద నమోదైన ప్రవాహము వేరే కాగితముమీద, మూసిన కవరులో నుండవలెను. విద్యార్థి లెక్క దానికి ఎంత దగ్గర నున్నదో, దూరమైనచో కారణము చెప్పగలిగెనో అదే మార్కు.

ఎన్‌బీఏ బృందమువారికి నాదొక విన్నపము. మూడుదినములలో ఒక పూటను ఫైళ్ల గదినుండి మిగిల్చి, తాము స్వయముగా చీట్లు తీసి పిలిచిన పదిమంది విద్యార్థులతో ఇట్టి స్థలమునకు పోవుడు. ఉపాధ్యాయులకు అంతకంటె ఉపశమనము వేరొకటి యుండదు; తాము నిజముగా నేర్పినదానిని చూపు నవకాశము వారికిప్పుడు లేదు. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాలలకైతే ఎవరి యనుమతియు నక్కరలేదు: సిలబసు వారిది, ప్రశ్నపత్రము వారిది, ప్రశ్నవారీ మార్కులును వారి చేతిలోనే యున్నవి. ఆ స్వేచ్ఛను విశ్వవిద్యాలయపు పాత ప్రశ్నపత్రమునే క్రొత్త ముద్రతో అచ్చువేయుటకు వినియోగించుట న్యాయము కాదు.

ఖర్చు మాట యడుగుదురు గనుక చెప్పెదను. కరెంటుమీటరు ద్రవగతి ప్రయోగశాలలలో సాధారణముగా నుండనే యున్నది, బీరువాలో నున్నది. జట్టునకొకటి అక్కరలేదు, రెండు కళాశాలలు కలసి వాడుకొనవచ్చును. లైఫ్‌జాకెట్లు మాత్రము కొనవలెను, గట్టున ఈతగాని నొకనిని నిలుపవలెను, ఇందులో లోభింపరాదు. మేస్త్రీలకును, శాఖ ఇంజనీర్లకును ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుకిచ్చు భత్యమునే యీయవలెను, తక్కువ కాదు. ఇక వేళ విషయము: వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు, మన ప్రయోగపరీక్షలు సరిగా ఆ నెలలలోనే వచ్చుచున్నవి. కనుక ఈ పరీక్షను ఫిబ్రవరిలోనే పెట్టుకొనవలెను, శాఖవారికి ఉత్తరము సంక్రాంతి సెలవులకు ముందే పోవలెను.